ఓడదొంగల ఆటకి నాణేలు, పాచికల కప్పు, కత్తి పటకా: ఇంట్లో చేసుకోవడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. స్నేహితులతో ఆడే ఓడదొంగల బోర్డు గేమ్ కోసం 60 నాణేలు, 6 ఓడలు, పాచికలు, వాటికో తోలు కప్పు, నాణేల సంచీ, ఆట రోజు వేసుకోవడానికి కత్తి వేలాడే బెల్టు, ఒక కంటి గంత, ఇవన్నీ ఇంట్లోనే చేయాలనుకున్నారు. గాలికి ఆరే బంకమట్టితో చేసిన నాణేలు పగిలాయి, కొన్ని అప్పడాల్లా వంకర పోయాయి. పైన కొట్టిన బంగారు స్ప్రే రెండో ఆటకే వేళ్లకి అంటుకోవడం మొదలైంది. పాత సోఫా మీది తోలు తీసి పుర్రె బొమ్మ అచ్చు కొడితే అయిదు నిమిషాల్లో ఆనవాలు లేకుండా పోయింది. తప్పెక్కడ, ఏ పనిముట్లు కొనాలి అన్నది ప్రశ్న.

ముందుగా ఒక మాట. మీ చేతిలో తప్పేమీ లేదు, రెండుచోట్లా సరుకే తప్పు. ఆ మట్టి నాణేలకి పనికొచ్చేది కాదు, ఆ తోలు అచ్చుకి పనికొచ్చేది కాదు. అయితే ఆ సోఫా తోలు పారేయకండి, దానికి వేరే పని ఉంది, చెబుతాను.

పన్నెండేళ్లుగా ఈ పిచ్చిలో ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు కుదిరిన పద్ధతి ఒకటే. ఆటసామాను ఎలా కనబడుతోందో జనం ఒక్క నిమిషం చూస్తారు, ఆ తర్వాత మూడు గంటలసేపు చేత్తో పట్టుకుని తిప్పుతూ ఉంటారు. కాబట్టి ఏది చేసినా ముందు కళ్లు మూసుకుని పట్టుకు చూస్తాను. బరువుందా, అంచు గుచ్చుతోందా, వెనకవైపు చదునుగా వదిలేశానా? ఇవి కుదిరితే రంగు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు.

నాణేల సంగతి చూద్దాం. గాలికి ఆరే మట్టిలో నీళ్లుంటాయి. నీళ్లు పోతున్నకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది. పల్చటి బిళ్ళలో అంచులు ముందు ఆరతాయి, మధ్యభాగం తర్వాత. పైవైపు ముందు, కిందివైపు తర్వాత. ఆ లాగుడుకే పగుళ్లూ, వంకరలూ. రెండువైపులా తిప్పుతూ నిదానంగా ఆరబెడితే కొంత తగ్గుతుంది కానీ, 3 మిల్లీమీటర్ల బిళ్ళ బల్ల మీంచి జారిపడితే మాత్రం ముక్కలే. అందుకే పాలిమర్ క్లే, అంటే ప్లాస్టిక్‌తో చేసిన మట్టిలాంటి ముద్ద, తీసుకోండి. ఇందులో నీళ్లుండవు, ఓవెన్‌లో వేడికి గట్టిపడుతుంది, దాదాపుగా కుంచించుకుపోదు.

ఒక్కటే ఇబ్బంది, తేలిగ్గా ఉంటుంది. నిజమైన స్పానిష్ వెండి నాణెం, ఆ రోజుల్లో ఓడదొంగల కలలోకొచ్చే ఎనిమిది రియాల్‌ల నాణెం, సుమారు 27 గ్రాములు తూగేది. క్లే బిళ్ళ అందులో నాలుగోవంతు కూడా రాదు. దీనికి నా ఉపాయం వాషర్లు. బోల్టుల కింద వేసే మామూలు ఉక్కు వాషరు, 12 మిల్లీమీటర్ల బోల్టుకి సరిపోయేది, 24 మిల్లీమీటర్ల వెడల్పు, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దాని బరువు 6 గ్రాముల పైమాట. దాన్ని క్లే మధ్యలో పెట్టి 30 మిల్లీమీటర్ల నాణెం చేస్తే పట్టుకున్నవాళ్ల మొహం మారుతుంది. బల్లమీద పడేస్తే ప్లాస్టిక్ చప్పుడు కాకుండా, బరువైన వస్తువు పడిన శబ్దం వస్తుంది.

చేసే తీరు ఇలా. వాషర్లకి నూనె పూసి ఉంటుంది, స్పిరిట్‌తో తుడవండి. ముందుగా మధ్య రంధ్రాన్ని క్లేతో కూరేయండి. ఇది మర్చిపోతే లోపల గాలి చిక్కుకుని ఓవెన్‌లో వేడికి నాణెం పొట్టలా ఉబ్బుతుంది. నా మొదటి వాయిలో ఇరవైకి పదకొండు అలాగే ఉబ్బాయి. తర్వాత మిల్లీమీటరున్నర మందాన ఒత్తిన రెండు క్లే పలకల మధ్య వాషరు పెట్టి, మధ్యలోంచి బయటికి వేలితో ఒత్తుతూ గాలి తోసేయండి. గుండ్రటి మూతతో కోయండి. అప్పుడు అచ్చు వేయండి.

అచ్చుకి బొమ్మ ఏది అన్నది మీ ఇష్టం. పుర్రె అందరూ వేస్తారు. కాస్త నిజానికి దగ్గరగా ఉండాలంటే ఆనాటి స్పానిష్ నాణెం నమూనా చూడండి. ఒకవైపు శిలువ, దాని నాలుగు గదుల్లో కోటలూ సింహాలూ. ఇంకోవైపు, కొన్ని టంకశాలల్లో, రెండు స్తంభాలూ కింద సముద్రపు అలలూ. 1732లో మెక్సికో టంకశాలలో యంత్రాలతో గుండ్రటి నాణేలు కొట్టడం మొదలయ్యేదాకా ఇవి చేత్తో కొట్టినవే. వెండి కడ్డీలోంచి ముక్క నరికి, బరువు సరిపోయేదాకా అంచులు కత్తిరించి, సుత్తి దెబ్బతో ముద్ర వేసేవాళ్లు. 1717లో అమెరికా తీరంలోని కేప్ కాడ్ దగ్గర మునిగి 1984లో దొరికిన వైదా అనే ఓడదొంగల ఓడలో ఇలాంటివి కుప్పలుగా బయటపడ్డాయి. ఒకదానిలా ఒకటి ఉండదు, ముద్ర సగం పక్కకి జరిగిపోయి ఉంటుంది.

ఇది మనకి ఎంత కలిసొచ్చిందో చూడండి! గుండ్రంగా రాలేదని బాధపడక్కర్లేదు. అచ్చు వేశాక కత్తెరతో రెండు మూడు మూలలు చెక్కేయండి, వాషరు తగలకుండా. ముద్ర కావాలనే పక్కకి వేయండి. ఎన్నిటికి ఎంత అని లెక్క పెట్టుకోకుండా చేతికొచ్చినట్టు చేస్తేనే సహజంగా వస్తాయి. అచ్చు దిమ్మె కూడా క్లేతోనే చేసుకోవచ్చు. బొమ్మ తిరగేసి చెక్కి, కాల్చి, తర్వాత నాణెం మీద ఒత్తే ముందు కొంచెం టాల్కం పౌడరు అద్దండి, అంటుకోదు. అక్షరాలు చెక్కితే అద్దంలో చూసినట్టు తిరగేయాలి. తెలిసిన విషయమే కదా అనుకుంటాం, నేను రెండుసార్లు తప్పాను.

బంగారు రంగు స్ప్రే మానేయండి. కాల్చకముందే, క్లే ఇంకా మెత్తగా ఉన్నప్పుడే, బంగారు రంగు మైకా (అభ్రకం) పొడి వేలితో రుద్దండి. ఎత్తుగా ఉన్న చోట్లే పడుతుంది, వేడికి క్లేతో కలిసిపోతుంది. కాల్చాక నల్లటి, గోధుమ రంగు అక్రిలిక్ పెయింట్ నీళ్లలా పల్చగా కలిపి పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేయండి. గుంటల్లో మురికిలా నిలిచిపోతుంది. అప్పుడు బొమ్మ లేచొస్తుంది. పైన నీటితో కలిసే వార్నిష్ రెండు పూతలు. గోళ్ల రంగుగానీ, కొన్ని రకాల స్ప్రే వార్నిష్‌లుగానీ పాలిమర్ క్లే మీద కొన్ని వారాలకి జిగురుగా మారతాయి. బహుశా మీ స్నేహితులు మళ్లీ అదే మాట అంటారు, వేళ్లకి అంటుకుంటోందని.

కాల్చే వేడి ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, కంపెనీని బట్టి 110 నుంచి 130 డిగ్రీల మధ్య. ఓవెన్ బటన్ మీది అంకెని నమ్మకండి. నా ఓవెన్‌లో 130 దగ్గర పెడితే లోపల 160 ఉండేది, విడిగా థర్మామీటరు పెట్టి చూస్తేగానీ తెలియలేదు. అప్పటికి బంగారు నాణేలు బెల్లం రంగుకొచ్చేశాయి. మరీ మాడితే హానికరమైన పొగ వస్తుంది, కిటికీలు తీసి ఉంచండి. టైము మాత్రం ప్యాకెట్ మీద ఉన్నదానికంటే పది పదిహేను నిమిషాలు ఎక్కువైనా నష్టం లేదు. వేడి సరిగ్గా ఉన్నంతకాలం, ఎక్కువసేపు కాలిన క్లే గట్టిగానే ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెట్టకండి. అందులో లోపల వాషరుంది!

కొందరు లోహం పోత పోయమంటారు. అదీ మంచి దారే, కానీ మొదటి ప్రయత్నానికి నేను చెప్పను. చేయాలనుకుంటే సీసం లేని ప్యూటర్ తీసుకోండి. అందులో తొంభై శాతానికి పైగా తగరం, మిగతాది కాస్త యాంటిమనీ, రాగి. తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి చిన్న పొయ్యి చాలు, వేడిని తట్టుకునే సిలికాన్ అచ్చు చాలు. చేపలు పట్టే గాలానికి కట్టే సీసపు గుండ్లు కరిగించమని ఎక్కడో చదివితే దాన్ని అక్కడే వదిలేయండి. పిల్లలు కూడా పట్టుకునే ఆటసామాను అది. కరిగించే గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అచ్చులో ఒక్క చుక్క తడి ఉన్నా అది క్షణంలో ఆవిరై కరిగిన లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, పొడవు చేతుల నూలు చొక్కా, మూసి ఉన్న బూట్లు లేకుండా మొదలుపెట్టకండి. మొదటి రెండు మూడు పోతలు సగంలోనే గడ్డకడతాయి, అచ్చు ఇంకా చల్లగా ఉండటం వల్ల. వాటిని మళ్లీ గిన్నెలో వేసేయడమే.

ప్యూటర్‌తో ఒక సరదా ఉంది. ఎనిమిది రియాల్‌ల నాణేన్ని చిల్లర కోసం ముక్కలుగా నరికి వాడుకునేవాళ్లు. మీరూ రెండు మూడు నాణేల్ని ఎనిమిదేసి చెక్కలుగా కోసి పెట్టండి, ఆటలో చిల్లరకి వేరే బిళ్ళలు అక్కర్లేదు. వాషరున్న నాణెంతో మాత్రం ఇది కుదరదు, వాషరు లేకుండా వాటికోసం విడిగా క్లే బిళ్ళలు చేయాలి.

ఓడల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సీసా బిరడా నిలువుగా సగానికి కోసి, పళ్లు కుట్టుకునే పుల్ల తెరచాప కొయ్యగా గుచ్చి, మందపాటి కాగితపు తెరచాప పెడితే చాలు. కింద చిన్న వాషరు అంటించండి, ఊదితే పడిపోకుండా. ఆరు ఓడలకీ తెరచాపల రంగు మార్చడంతో సరిపెట్టకుండా ఆకారం కూడా మార్చండి, రంగులు పోల్చుకోలేనివాళ్లు ఒకరుండవచ్చు.

పాచికలు మాత్రం చేయకండి అని నా సలహా. చేత్తో చేసిన పాచిక ఎంత జాగ్రత్తపడ్డా ఒకవైపుకి మొగ్గుతుంది, మూడో ఆటకి ఎవరో ఒకరు పట్టేస్తారు, గొడవ. గుంటలు లోతుగా తొలిస్తే ఆరు ఉన్న వైపు తేలికై అదే కాస్త ఎక్కువసార్లు పైకొస్తుంది. ఉప్పునీళ్లలో తేల్చి చూసే పరీక్ష ఉంది కానీ అది రెసిన్ పాచికలకి పనికొస్తుంది, క్లే పాచిక ఎంత ఉప్పు కలిపినా తేలదు. కొన్నవి తెచ్చుకుని నల్లటి రంగు నీళ్లలో ముంచి తుడిచి పాతవాటిలా చేసుకోండి. అలంకరించుకోవడానికి చేయాలంటే చేసుకోండి, ఎదురెదురు ముఖాల మొత్తం ఏడు రావాలన్నది మర్చిపోకుండా. అన్నట్టు, బార్తొలొమ్యూ రాబర్ట్స్ అనే ఓడదొంగ ఓడలో నియమాల పట్టీ ఒకటి 1724లో అచ్చయిన పుస్తకంలో ఉంది. అందులో డబ్బు పెట్టి పేకాటగానీ పాచికలుగానీ ఆడకూడదని రాసుంది. గొడవల భయం వాళ్లకీ ఉండేదన్నమాట.

ఇక తోలు. మీ పుర్రె ఎందుకు మాయమైందంటే, సోఫాలకి వాడేది దాదాపుగా క్రోమ్ ట్యాన్ తోలు. క్రోమియం లవణాలతో పదును చేస్తారు. మెత్తగా ఉంటుంది, తడిసినా మళ్లీ యథాస్థితికి వచ్చేస్తుంది. సోఫాకి కావలసిన గుణం అదే, కూర్చున్న గుంట లేవగానే పోవాలి. అచ్చుకి కావలసిన గుణం దీనికి సరిగ్గా తలకిందులు. చెట్టు బెరడు, కరక్కాయలాంటివాటి టానిన్‌లతో పదును చేసిన వెజ్ ట్యాన్ తోలు తడిపితే మట్టిలా లొంగుతుంది, ఆరితే ఎలా ఉంచామో అలాగే ఉండిపోతుంది. కొనేటప్పుడు పోల్చుకోవడానికి రెండు గుర్తులు. రంగు వేయని వెజ్ ట్యాన్ మీద నీటి చుక్క వేస్తే పీల్చుకుని అక్కడ ముదురు రంగవుతుంది. క్రోమ్ ట్యాన్‌ని కోసి అంచు చూస్తే చాలాసార్లు మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు పొర కనిపిస్తుంది. కాల్చి చూసే పరీక్ష చేయకండి. క్రోమ్ తోలు కాలితే విషపూరితమైన క్రోమియం తయారయ్యే ప్రమాదముంది. ఇదే కారణంగా ఆ తోలు మీద కాలిన కడ్డీతో బొమ్మలు కూడా వేయకూడదు.

మందం ఔన్సుల్లో చెబుతారు. ఒక ఔన్సంటే ఇంచులో 64వ వంతు, అంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు. సంచికి 3 ఔన్సులు, కప్పుకి 6, బెల్టుకి 8 నుంచి 9. మొదటిసారి కొనేవాళ్లందరూ అన్నిటికీ ఒకటే మందం కొంటారు. ఆ తోలుతో సంచి చేస్తే నోరు మూసుకోదు, బెల్టు చేస్తే కత్తి బరువుకి సాగిపోతుంది.

ఆ సోఫా తోలుని సంచికి వాడండి. 30 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి ముక్క కోయండి. అంచుకి రెండున్నర సెంటీమీటర్ల లోపల చుట్టూ సమదూరంలో 24 రంధ్రాలు, 5 మిల్లీమీటర్లవి. రంధ్రాలు సరిసంఖ్యలో ఉంటేనే తాడు ఒకవైపు దూరి అదేవైపు బయటికొస్తుంది. తాళ్లు రెండు వాడండి. ఒకటి ఇటునుంచి మొదలై చుట్టూ తిరిగి ఇక్కడికే, రెండోది సరిగ్గా ఎదురుగా. రెండూ చెరోవైపు లాగితే సంచి మూతి మూసుకుంటుంది, వదిలేస్తే పూర్తిగా విప్పుకుని బల్లమీద పరుచుకుంటుంది. ఆ లోపలివైపు అక్రిలిక్ పెయింట్‌తో తొమ్మిది కాయల దాడి ఆట గళ్లు గీయండి. సంచే ఆట బల్ల అవుతుంది, లోపలి నాణేలే కాయలు. నావికులకి ఆటబల్లలు కొత్తేమీ కాదు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌకలో వడ్రంగి గదిలో బ్యాక్‌గామన్ అనే పాచికలాట బల్ల దొరికింది.

పాచికల కప్పుకి వెజ్ ట్యాన్ తప్పదు. ఇంట్లో ఉన్న గుండ్రటి గాజు సీసా ఒకటి వెతకండి, 75 మిల్లీమీటర్ల వెడల్పున్నది అనుకుందాం. తోలు మందం రెండున్నర. చుట్టుకొలత లెక్క వేసేటప్పుడు సీసా వెడల్పు ఒక్కటే 3.14తో గుణిస్తే పొట్టిదవుతుంది. తోలు మందాన్ని కూడా కలపాలి. 77.5ని గుణిస్తే 243, ఒకదానిమీద ఒకటి ఎక్కే అంచుకి 12, మొత్తం 255 మిల్లీమీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల ఎత్తు. లోపలికి వెళ్లే అంచుని పదునైన కత్తితో ఏటవాలుగా పల్చన చేయండి. కుట్టు రంధ్రాలు రెండు అంచులకీ పడుకోబెట్టి ఉన్నప్పుడే వేసేయండి, గొట్టంగా చుట్టాక ఆరె (తోలుకి రంధ్రాలు పొడిచే పనిముట్టు) లోపలికి పోదు. లోపల ఆ అంచు కొద్దిగా ఎత్తుగా ఉండటం లోపం కాదు, పాచికలు దానికి తగిలి బాగా దొర్లుతాయి.

పుర్రె వేసేదీ ఇప్పుడే, చుట్టకముందు. ఇక్కడ తొందరపడకూడదు. స్పాంజితో రెండువైపులా తడిపి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున తీసి బల్లమీద పెట్టి చూస్తూ ఉండండి. ముదురుగా ఉన్న రంగు మెల్లగా తేలుతూ, దాదాపు పొడి తోలు రంగుకి వస్తుంది, కానీ చెంపకి ఆనిస్తే ఇంకా చల్లగా ఉంటుంది. అదీ సమయం. గోటితో మూలన నొక్కితే గీత స్పష్టంగా, కాస్త ముదురుగా నిలవాలి. నీళ్లు ఊరితే ఇంకా తడి ఎక్కువుంది, గీత లేతగా, అస్పష్టంగా కనబడితే ఆరిపోయింది. ఆ గోటి పరీక్ష మూలలోనే చేయండి. తడి తోలు దేన్నీ మర్చిపోదు. నా మొదటి కప్పు మీద పుర్రె పక్కన నా బొటనవేలి గోరు ఈరోజుకీ నెలవంకలా ఉంది.

కింద నున్నటి రాతి పలక, పైన అచ్చు. దుకాణం అచ్చులే కావాలని లేదు. బోల్టు తలలు ఆకురాయితో అరగదీస్తే గళ్ల నమూనా, చెంచా కాడ చివరతో కళ్ల గుంటలు. కానీ పనిముట్టు ఇత్తడిగానీ స్టెయిన్‌లెస్‌గానీ అయ్యుండాలి. మామూలు ఇనుము తడి వెజ్ ట్యాన్‌కి తగిలితే టానిన్‌తో కలిసి నల్లటి మచ్చ పడుతుంది, అది పోదు. ఒకసారి తడి తోలుని ఇనప బల్లమీద వదిలి ఫోన్ మాట్లాడటానికి వెళ్లాను. వచ్చేసరికి వెనకంతా చిరుతపులి చర్మం.

ఆ మచ్చే నాకు తర్వాత రంగైంది. నూనె లేకుండా కడిగిన స్టీల్ వూల్ (సన్నటి ఉక్కు పీచు) సీసాలో వేసి వెనిగర్ పోసి వారం, రెండు వారాలు వదిలేయండి. మూత బిగించకండి, హైడ్రోజన్ వాయువు వస్తుంది, మంట దగ్గర పెట్టకండి. వడగట్టిన నీళ్లు వెజ్ ట్యాన్ మీద పూస్తే మీ కళ్లముందే బూడిద రంగై, నల్లబడుతుంది. పొరుగు వస్తువులకి అంటని నలుపు ఇది, ఎందుకంటే పైన పూసిన రంగు కాదు, తోలులోనే తయారైన రంగు. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి తుడిచి పులుపు విరిచేసి, ఆరాక నీట్స్‌ఫుట్ నూనె (తోలుకి పట్టించే నూనె) పల్చగా రాయండి, లేకపోతే తోలు పెళుసుబారుతుంది. బెల్టుకైతే నేను ఇదే వాడతాను. దుకాణంలో దొరికే స్పిరిట్ రంగులు మంచివే కానీ, గుడ్డతో రుద్ది రుద్ది గుడ్డకి రంగు అంటడం ఆగేదాకా పాలిష్ చేయకపోతే చెమటకి తెల్ల చొక్కా నడుము చుట్టూ చార పడుతుంది.

కప్పు అడుగు కోసం 95 మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి ముక్క కోసి, తడిపి, 70 మిల్లీమీటర్ల వెడల్పున్న ఇంకో సీసా అడుగున బోర్లించి తాడుతో బిగించండి. ఒక రోజు ఆరితే మూతలా తయారవుతుంది. అంచులు కిందికి ఉండేలా గొట్టంలోకి తోసి, గోడనీ అంచునీ కలిపి బయటినుంచి కుట్టేయడమే. వేడినీళ్లలో ముంచి తోలుని కర్రలా గట్టిపరిచే పాత పద్ధతి గురించి చదివే ఉంటారు. కప్పుకి అవసరం లేదు, పైగా తోలు ముడుచుకుపోయి మీ కొలతలన్నీ తప్పుతాయి.

కుట్టు గురించి. మిషన్ కుట్టులో పైదారం, కిందదారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒకచోట తెగితే ఊడటం మొదలవుతుంది. చేత్తో వేసే శాడిల్ స్టిచ్‌లో ఒకే దారం, రెండు చివర్లా రెండు మొండి సూదులు. ప్రతి రంధ్రంలోంచీ రెండూ ఎదురెదురుగా పోతాయి. ఒక కుట్టు తెగినా పక్కవి పట్టుకునే ఉంటాయి. కుట్టే పొడవుకి నాలుగు రెట్లు దారం, పైన సూదులకి ఒక జానెడు. 0.8 మిల్లీమీటర్ల దారానికి మైనం పట్టించి, 4 మిల్లీమీటర్లకో రంధ్రం వేయండి. కుట్టు వరస ఒకవైపుకి అందంగా వాలి ఉండాలంటే ఒక్కటే కిటుకు. ప్రతి రంధ్రంలోనూ ముందు దూరే సూది ఒకే వైపుది కావాలి, రెండోది ప్రతిసారీ దానికి ఒకే పక్కన దూరాలి. మధ్యలో ఒకసారి మారిస్తే అక్కడ కుట్టు గెంతినట్టు కనబడుతుంది. రెండో సూది దూర్చేటప్పుడు మొదటి దారాన్ని కాస్త వెనక్కి లాగండి, లేకపోతే దారంలోకే గుచ్చుకుంటుంది, బిగించడానికి రాదు.

కత్తి బెల్టుకి 38 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. కొలత ప్యాంటు సైజుతో వేయకండి. ఆ రోజు వేసుకునే కోటు మీద టేపు చుట్టి చూడండి, నడుముకీ కోటుకీ తేడా ఒక్కోసారి 8 సెంటీమీటర్లుంటుంది. ఆ కొలత బకిల్ మడతనుంచి మధ్య రంధ్రానికి రావాలి. మడతకి 7 సెంటీమీటర్లు, కొసకి 15 అదనం. రంధ్రాలు అయిదు, రెండున్నర సెంటీమీటర్లకొకటి. కత్తిని పట్టుకునే తోలు గూడుని ఫ్రాగ్ అంటారు. దాన్ని తిన్నగా కాకుండా కాస్త వెనక్కి వాలేలా కుట్టండి, లేకపోతే కూర్చున్న ప్రతిసారీ కత్తి మొన నేలకి తగిలి పిడి డొక్కలో పొడుస్తుంది. తోలు మీద తోలు అంటించేటప్పుడు కాంటాక్ట్ జిగురు రెండువైపులా పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటుకోని స్థితికి వచ్చాకే కలపండి. ఒకసారి అతికాక జరపడం ఉండదు.

తోలు పనిలో చేయి తిరిగినవాడెవరో, కొత్తవాడెవరో అంచు చెబుతుంది. కుట్టు అయ్యాక అంచుని ఉప్పుకాగితంతో సమం చేయండి, ముందు 220 నంబరుది, తర్వాత 400ది. మొనని కొద్దిగా గుండ్రంగా చెక్కి, తడి వేలితో తుడిచి, నున్నటి కర్రతోగానీ మందపాటి గుడ్డతోగానీ వేగంగా రుద్దండి. ముందు చప్పగా జారుతుంది, అర నిమిషంలో ఒక్కసారిగా నున్నబడి మెరుపొస్తుంది. చేతికి తెలుస్తుంది ఆ క్షణం. అప్పుడు తేనెమైనం రాసి మళ్లీ రుద్దండి. ఇది వెజ్ ట్యాన్‌కే. సోఫా తోలు అంచు ఎంత రుద్దినా పీచులాగే ఉంటుంది, దాన్ని మడిచి కుట్టుకోవడమే.

మోకాళ్లదాకా వెడల్పు నోటి బూట్లు కూడా చేయాలని చివర్లో రాశారు. అది మానేయొచ్చు. జారే ఓడ డెక్కు మీద అలాంటివి వేసుకుని తాళ్లు ఎక్కేవాళ్లు కాదు, పొట్టి బకిల్ బూట్లు వేసుకునేవాళ్లు, లేదా ఉత్త కాళ్లే. మనకి కళ్లముందు కదిలే ఓడదొంగ వేషం చాలావరకు హవర్డ్ పైల్ లాంటి చిత్రకారులు 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో గీసింది. బొమ్మకి బాగుంటాయి, కుట్టడానికి నెల పడుతుంది.

కొనాల్సిన పనిముట్లు మొదట ఇంతే. బ్లేడు మార్చుకోగల కత్తి, ఉక్కు స్కేలు, 4 మిల్లీమీటర్ల కుట్టు పళ్ల పంచ్, ఆరె, రెండు మొండి సూదులు, రంధ్రాల పంచ్, రబ్బరుగానీ చెక్కగానీ సుత్తి, మైనం. అచ్చుల పెట్టె, చెక్కుడు కత్తులు తర్వాత చూడొచ్చు. పని క్రమం ఇలా ఉండాలి. కోత, అచ్చు, రంగు, కుట్టు, చివర అంచు. రంగు కుట్టు తర్వాత వేస్తే దారం కూడా నల్లబడుతుంది.

కంటి గంత చివరిది, చిన్నది. రంగు వేయని, 3 ఔన్సుల వెజ్ ట్యాన్ తోలు తడిపి చెంచా వెనకవైపు మీద ఒత్తి గిన్నెలా ఆరబెట్టండి, కనురెప్పకి తగలకూడదు. లోపలివైపు మెత్తటి నూలు గుడ్డ అతికించండి. వెనిగర్ నలుపు దీనికి వద్దు, కంటి దగ్గర ఏ రసాయనమూ వద్దు, పైవైపు మాత్రం అక్రిలిక్ పెయింట్ పూసి ఆరనిస్తే చాలు. తాడు చెవి పైనుంచి పోవాలి. ఒక కన్ను మూసుకుంటే దూరం అంచనా తప్పుతుంది కాబట్టి, అది పెట్టుకున్నవాళ్లకి పాచికల కప్పు ఇచ్చేముందు బల్లమీది గ్లాసులు పక్కకి తీయండి.